అరచేయి కింది అర

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ అంటే కంప్యూటర్ల సంత. అక్కడివాళ్లకు అది సీటీసీ. లోపల ఒక చిన్న కౌంటర్, ఇద్దరు నిలబడితే మూడో మనిషికి చోటుండదు. దాని వెనక ఇరవై ఏళ్లుగా ల్యాప్‌టాప్‌లు విప్పుతున్న ఒక మెకానిక్. ఆ రోజు అతని ముందు పదిహేను అంగుళాల నల్ల ల్యాప్‌టాప్ ఒకటి ఉంది. తెచ్చింది నల్లగొండ వైపు నుంచి వచ్చిన ఒక టీచరమ్మ. ల్యాప్‌టాప్ వాళ్ల నాన్నది. ఆయన పోయి ఏడాదైంది. రిటైరయ్యాక ఏ చెరువు ఎవరు తవ్వించారో, ఏ గుడి ముందు ఏ రాయి మీద ఏం రాసుందో, తెలిసినంత మేరకు ఊరి చరిత్రంతా అందులోనే టైపు చేసుకున్నారు. ఇప్పుడది ఆన్ కావడం లేదు.

“ఇది బాగైనా కాకున్నా ఏం కాదన్నా. మా నాన్న రాసింది దొరికితే చాలు,” అందామె.

మెకానిక్ వెంటనే స్క్రూడ్రైవర్ అందుకోలేదు. ల్యాప్‌టాప్‌ను బోర్లా పెట్టి చదవడం మొదలుపెట్టాడు.

చదవడమంటే చదవడమే. ల్యాప్‌టాప్ అడుగున చాలా రాత ఉంటుంది, చూసేవాళ్లే తక్కువ. స్టిక్కర్ మీద మోడల్ నంబరు ఉంటుంది. కొన్ని స్క్రూ గుంతల పక్కన ప్లాస్టిక్‌లోనే పోతపోసిన గోరంత బొమ్మలుంటాయి. కీబోర్డ్ బొమ్మ ఉంటే ఆ స్క్రూ కీబోర్డ్‌ను పట్టుకుని ఉందని లెక్క. గుండ్రటి సీడీ బొమ్మ ఉంటే అది డీవీడీ డ్రైవ్‌ది. బిళ్లల మీద బిళ్లలు పేర్చినట్టు చిన్న డబ్బా బొమ్మ ఉంటే హార్డ్ డిస్క్ ఆ మూత కిందే ఉంటుంది. ఈమె తెచ్చినదానికి డబ్బా బొమ్మా లేదు, మూతా లేదు. అడుగంతా ఒకటే పలక. సీడీ బొమ్మ మాత్రం ఒకచోట కనిపించింది. అతను దాన్ని వేలితో తడిమి చూసి, ల్యాప్‌టాప్‌ను మళ్లీ వెల్లకిలా తిప్పాడు. కీబోర్డ్ కింద చేతులు ఆనించే పట్టీని ఈ కొస నుంచి ఆ కొస దాకా నిమిరాడు. ఎడమవైపు రంగు అరిగి తెల్లబడి ఉంది.

“ఇక్కడుంటది మేడమ్,” అన్నాడు.

హార్డ్ డిస్క్ ఎక్కడుంటుందో చెప్పాలంటే ముందు అది ఎక్కడ ఉండే వీలు లేదో తేల్చుకోవాలి. ప్రాసెసర్, ఫ్యాన్ వెనక అంచున, వేడిగాలి బయటికిపోయే సందుల దగ్గర ఉంటాయి. పదేళ్ల కిందటి ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ఊడదీసే బ్యాటరీ కూడా వెనకే, స్క్రీన్ మడత పక్కన ఉండేది. దీనికి కుడి అంచున డీవీడీ ట్రే ఉంది. అన్నీ తీసేస్తే మిగిలింది ముందు ఎడమ మూల. వేడికి దూరంగా, ఒక చదునైన డబ్బా పట్టేంత చోటు అక్కడే ఉంది. మెకానిక్ చేతికి అలవాటుగా వచ్చే ఈ తీసివేతల లెక్కే ఈ పనిలో సగం విద్య.

ఆ డబ్బా కొలతలు తెలిస్తే మిగతా సగం సులువవుతుంది. దాన్ని రెండున్నర అంగుళాల డిస్క్ అంటారు. అది దాదాపుగా లోపల తిరిగే పళ్లెం కొలత. బయట కొలిస్తే వెడల్పు 70 మిల్లీమీటర్లకు, పొడవు 100 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. 1988లో ప్రైరీటెక్ అనే అమెరికా కంపెనీ మొదటిసారి ఈ సైజులో డిస్క్ తెచ్చినప్పుడు అందులో పట్టింది 20 మెగాబైట్లు. ఇప్పటి ఫోన్‌తో తీసిన నాలుగైదు ఫొటోలకు అది నిండిపోతుంది. తర్వాత లోపల పట్టే సరుకు లక్షరెట్లు పెరిగినా డబ్బా పొడవు వెడల్పులు మారలేదు. మందం మాత్రం 12.5 మిల్లీమీటర్ల నుంచి 9.5కు, అక్కడి నుంచి 7కు దిగింది. అందుకే పాత అరలో కొత్త డిస్క్ పెడితే కొంచెం కదులుతుంది. ఆ రెండున్నర మిల్లీమీటర్ల ఖాళీ పూడ్చడానికి సన్నటి ప్లాస్టిక్ చట్రం ఒకటి అంటిస్తారు. మంచి మెకానిక్ పాత చట్రాలు పారేయడు.

ఈ డిస్క్‌లు చాలావరకు నిమిషానికి 5400 చుట్లు తిరిగేవి. అంటే సెకనుకు తొంభై. ఆ రోజుల్లో ల్యాప్‌టాప్ మీద రాసినవాళ్లకు అరచేయి కింద సన్నటి అదురు తెలిసేది. ఫైలు సేవ్ చేస్తే లోపల ఏదో గీరినట్టు చప్పుడు. పళ్లేనికి తగలకుండా, తగిలీతగలనంత ఎత్తులో తేలే తల అటూ ఇటూ పరుగెత్తే చప్పుడది. ల్యాప్‌టాప్ చేయిజారితే ఆ తల పళ్లేన్ని గీకేస్తుంది. 2003లో ఐబీఎం తన థింక్‌ప్యాడ్‌లలో, కార్లలో గాలిసంచిని తెరిచేలాంటి సెన్సర్ ఒకటి పెట్టింది. యంత్రం పడిపోతున్నట్టు తోచగానే అది తలను పక్కకు తప్పించేది.

అరను వెతకాల్సిన అవసరమే రాకుండా చేసిన మనుషులు కూడా ఉన్నారని ఇక్కడే చెప్పుకోవాలి. 2006 నాటి థింక్‌ప్యాడ్ టీ60 లాంటి వాటిలో పక్క అంచున చిన్న మూత ఉండేది. దానికి ఒక్క స్క్రూ. అది తీసి, లోపలి పట్టీ పట్టుకుని లాగితే బీరువా సొరుగులా డిస్క్ బయటికొచ్చేది. అడుగు పలక విప్పనక్కర్లేదు, కీబోర్డ్ కదపనక్కర్లేదు. ఆ సంగతి తెలియక మొత్తం విప్పేసి, చివరికి పక్క మూత చూసి నాలుక కరుచుకున్నవాళ్లు ఎంతమందో! చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడం అంటే ఇదే. ఐబీఎం ‘హార్డ్‌వేర్ మెయింటెనెన్స్ మాన్యువల్’ అనే పుస్తకాన్ని అందరికీ అందుబాటులో పెట్టి, ఏ భాగం తీయాలంటే ముందు ఏవి తీయాలో బొమ్మలతో సహా చెప్పేది. థింక్‌ప్యాడ్‌లను తర్వాత చేపట్టిన లెనోవో ఇప్పటికీ అలా ఇస్తోంది. డెల్, హెచ్‌పీ కూడా సర్వీస్ మాన్యువల్స్ ఇస్తాయి. మోడల్ నంబరుతో ఆ పుస్తకం వెతికి పది నిమిషాలు చదివినవాడు విప్పేటప్పుడు గంట మిగుల్చుకుంటాడు. వీడియో చూసి మొదలుపెట్టడం కన్నా ఇది నయం. వీడియోలోది మీ మోడలే అయినా అదే ఏడాదిది కాకపోవచ్చు.

టీచరమ్మ ల్యాప్‌టాప్ అంత దయగలది కాదు.

బ్యాటరీ గొళ్లెం జరిపి ముందు బ్యాటరీ ఊడదీశాడు. పవర్ బటన్ కాసేపు నొక్కి పట్టాడు, లోపల మిగిలిన కరెంటు పోవడానికి. ఒక తెల్ల కాగితం మీద ల్యాప్‌టాప్ అడుగు బొమ్మ గీశాడు. తీసిన ప్రతి స్క్రూనూ అదే చోట కాగితంలో గుచ్చుతూ పోయాడు. స్క్రూలన్నీ ఒకే పొడవుండవు. పొడవుది తెచ్చి పొట్టిదాని గుంతలో బిగిస్తే పైన చేతులు ఆనించే పట్టీ మీద మొటిమలా పొడుచుకొస్తుంది, ఖర్మ కాలితే బోర్డులోనే దిగుతుంది. పన్నెండు స్క్రూలు వచ్చినా పై కవర్ కదల్లేదు. అతను బలం పెట్టలేదు. వెనకవైపు రబ్బరు కాళ్లను గోటితో లేపాడు, వాటి కింద రెండు దొరికాయి. సీడీ బొమ్మ పక్క స్క్రూ తీసి డీవీడీ డ్రైవ్‌ను బయటికి లాగితే, ఆ సందు అంచున ఇంకో మూడు, నువ్వుగింజలంత. అవి కూడా కాగితం ఎక్కాయి.

అప్పుడు ల్యాప్‌టాప్‌ను వెల్లకిలా తిప్పి, గిటార్ వాయించే ప్లాస్టిక్ బిళ్లను అంచు సందులో దూర్చి నెమ్మదిగా నడిపించాడు. టిక్కు టిక్కుమంటూ లాకులు ఒక్కొక్కటే వదిలాయి. పై కవర్ లేచింది కదా అని కొత్తవాళ్లు లాగేస్తారు, కీబోర్డ్‌ను బోర్డుకు కలిపే స్ట్రిప్ తెగేది అప్పుడే. అతను రెండు వేళ్ల ఎత్తు లేపి లోపలికి వంగి చూశాడు. స్ట్రిప్‌ను పట్టుకున్న నల్లటి రెక్కను ట్వీజర్‌తో పైకెత్తాక స్ట్రిప్ దానంతటదే జారింది. కవర్ పక్కన పెట్టాడు.

ముందు ఎడమ మూలలో, రబ్బరు తొడుగులో, వెండిరంగు డబ్బా. సరిగ్గా రంగు అరిగిన చోటు కింద.

ఈలోగా కౌంటర్ దగ్గరికి వరంగల్‌లో బీటెక్ చదివే కుర్రాడొకడు వచ్చాడు. వాడి బాధ వేరు. స్పీడు కోసం కొత్త ఎస్‌ఎస్‌డి కొని తనే బిగించుకున్నాడు. స్లాట్‌లో చక్కగా కూర్చుంది, ఆన్ చేస్తే మాత్రం కనిపించడం లేదు. ఇప్పటి డిస్క్‌లు డబ్బాలు కావు, కార్డులు. ఎం.2 అంటారు. వెడల్పు 22 మిల్లీమీటర్లు. మీద 2280 అని ఉంటే చివరి రెండంకెలు పొడవు, 80 మిల్లీమీటర్లని. 2242, 2230 కూడా ఉన్నాయి. ఆకారం ఇంత చిన్నదయ్యాక ముందు మూలలో పెట్టాలన్న నియమం పోయింది. ఫ్యాన్ పక్కన, బ్యాటరీకీ బోర్డుకూ మధ్య, రాగి రేకు కింద, ఎక్కడైనా దాక్కోవచ్చు. పక్కనే వైఫై కార్డు, అదీ చూడ్డానికి దీని తమ్ముడిలాగే ఉంటుంది. రెండు సన్నటి యాంటెనా తీగలు కరుచుకుని ఉంటే అది వైఫై.

కుర్రాడి చిక్కు మాత్రం ఆకారంలో లేదు. ఎం.2 గూడు ఒకటే అయినా లోపల వేసిన దారి రెండు రకాలు. ఒకటి పాత సాటా దారి, సెకనుకు 550 మెగాబైట్ల దగ్గర ఆగిపోతుంది. రెండోది ఎన్‌వీఎంఈ, మూడో తరం పీసీఐఈ మీదే 3500 దాకా పోతుంది. కార్డు అంచున ఉండే గాడి చూసి కొంత పోల్చుకోవచ్చు. ఎన్‌వీఎంఈ కార్డులకు మామూలుగా ఒకే గాడి ఉంటుంది, సాటా వాటిలో చాలావాటికి రెండు. కానీ కార్డు దూరినంత మాత్రాన ఆ దారి ఉన్నట్టు కాదు. కొన్ని బోర్డుల్లో స్లాట్ రెంటినీ రానిస్తుంది, పని చేసేది మాత్రం సాటాకే. వాడిది అదే. “మాన్యువల్‌ల సూసినవా తమ్మీ?” అని అడిగితే తలొంచుకున్నాడు. ఇంతకన్నా నొప్పించే సంగతి ఇంకోటుంది. కొన్ని ల్యాప్‌టాప్‌లు విప్పితే బోర్డు మీద రెండో స్లాట్ గీతలు అచ్చేసి ఉంటాయి, స్క్రూ బొక్క కూడా ఉంటుంది, స్లాట్ మాత్రం అతికించి ఉండదు. ఖరీదైన మోడల్‌కూ చవక మోడల్‌కూ బోర్డు ఒకటే, తేడా ఆ చిన్న ప్లాస్టిక్ ముక్కే.

అంతకు మించిన అన్యాయం, అరే లేకుండా చేయడం. 2016లో టచ్ బార్‌తో వచ్చిన మ్యాక్‌బుక్ ప్రోలలో ఆపిల్ స్టోరేజీ చిప్‌లను బోర్డుకే సోల్డర్ చేసేసింది. చవక ల్యాప్‌టాప్‌లలో ఈఎంఎంసీ పేరుతో చాలాకాలంగా జరుగుతున్నదీ అదే. పలచనవుతుంది, ఖర్చు తగ్గుతుంది, నిజమే. కానీ బోర్డు కాలిపోయిన రోజున, ఏ తండ్రి రాతనైనా ఊడదీసి కూతురి చేతిలో పెట్టే దారి మూసుకుపోతుంది. కొనేటప్పుడు ర్యామ్ ఎంత, స్క్రీన్ ఎంత అని అడుగుతాం. డిస్క్ ఊడుతుందా అని అడిగేవాళ్లు అరుదు. అడగాల్సిన మొదటి ప్రశ్నల్లో అదొకటి.

మనసు మార్చుకున్నవాళ్లూ ఉన్నారు. మైక్రోసాఫ్ట్ 2017లో తెచ్చిన సర్ఫేస్ ల్యాప్‌టాప్‌ను పాడుచేయకుండా తెరవడమే సాధ్యం కాదని విప్పి చూసిన ఐఫిక్సిట్ సంస్థ పదికి సున్నా మార్కులు వేసింది. 2019లో వచ్చిన సర్ఫేస్ ల్యాప్‌టాప్ 3లో అదే కంపెనీ నాలుగు స్క్రూలు తీస్తే పై కవర్ లేచేలా, లోపల 2230 కార్డు ఊడేలా చేసింది. 2021లో మొదలైన ఫ్రేమ్‌వర్క్ ల్యాప్‌టాప్‌లో ప్రతి భాగం మీదా పేరు, స్కాన్ చేస్తే మార్చే పద్ధతి చూపే కోడ్ ఉంటాయి. మన దేశంలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో మరమ్మతు హక్కు మీద కమిటీ వేసి, డిసెంబర్ 24న ఒక పోర్టల్ తెరిచింది. సెల్‌ఫోన్లు, ఎలక్ట్రానిక్ వస్తువులు, ట్రాక్టర్లలాంటి వ్యవసాయ యంత్రాలు దాని పరిధిలోకి వచ్చాయి. పార్క్‌లేన్ కౌంటర్ల దాకా మాన్యువల్స్, విడిభాగాలు చేరితేనే దానికి విలువ.

మెకానిక్ డిస్క్‌ను తొడుగులోంచి తీసి, పక్క స్క్రూలు విప్పి, ఒక యూఎస్‌బీ కేసింగ్‌లో దూర్చాడు. 22 సన్నటి పిన్నులు సరిగ్గా కూర్చోవాలి, అందుకే తోయకుండా జరిపాడు. తన కంప్యూటర్‌కు యూఎస్‌బీ వైరు పెట్టాడు. పాత ల్యాప్‌టాప్ కాబట్టి బిట్‌లాకర్ తాళం లేదు. కొత్తవాటిలో చాలావాటికి ఆ తాళం ఉంటుంది, డిస్క్ చేతికొచ్చినా 48 అంకెల రికవరీ కీ లేకపోతే ఒక్క అక్షరం తెరుచుకోదు. ఆ కీ ఇంట్లో ఎవరికైనా చెప్పి ఉంచడం మంచిది.

డిస్క్ తిరగడం మొదలుపెట్టింది. ఫోల్డర్లు వచ్చాయి. వాటిలో ఒకదాని పేరు వాళ్ల ఊరి పేరే. టీచరమ్మ కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత బల్ల మీద విప్పి ఉన్న ల్యాప్‌టాప్‌ను చూపించి, “ఎక్కడుండె అన్నా ఇది?” అని అడిగింది.

అతను పై కవర్ తెచ్చి ఖాళీ అర మీద మామూలుగా కప్పాడు. “చెయ్యి పెట్టుండ్రి మేడమ్,” అన్నాడు. రంగు అరిగిన చోట ఆమె ఎడమ అరచేయి ఆనించింది.