ముందు తిరుగు బండి చూసుకోండి

పిల్లల్ని బయటికి తీసుకెళ్లి వచ్చాక, రోజు ఎలా గడిచిందని ఎవరైనా అడిగితే పెద్దవాళ్లం చూసిన చోటు గురించి చెబుతాం. పిల్లలకు మాత్రం ఇంటికి ఎలా చేరామన్నదే ఎక్కువ గుర్తుంటుంది. కిక్కిరిసిన బస్సులో ఆకలితో, నిద్రమత్తుతో గంటసేపు నిలబడి వచ్చిన పిల్లాడికి పొద్దున చూసిన ఏనుగు మనసులో మిగలదు. అందుకే బస్సుల్లో, రైళ్లలో పిల్లల్ని తిప్పాలనుకునే అమ్మానాన్నలకు నేను మొదట చెప్పేది ఒకటే: ఎక్కడికి వెళ్లాలో తేల్చుకునే ముందే ఎలా తిరిగి రావాలో చూసుకోండి.

మేం హైదరాబాద్‌లో కూకట్‌పల్లి వైపు ఉంటాం. సెలవు రోజున పిల్లలతో ఎటు వెళ్లినా మెట్రో, సిటీ బస్సు, ఎంఎంటీఎస్ రైలు, ఈ మూడే మా బళ్లు. ఖర్చు తగ్గుతుందని మొదలైన అలవాటే, కానీ దాన్ని కొనసాగించింది మాత్రం ఇష్టమే. బస్సు కిటికీ పక్కన కూర్చున్న పిల్లలు అడిగే ప్రశ్నలు వేరు. మార్కెట్ నుంచి పూల బుట్టతో ఎక్కిన ఆమె ఎక్కడ దిగుతుంది, డ్రైవర్ అన్నం ఎప్పుడు తింటాడు, ఆ తాతకి ఎవరూ సీటు ఇవ్వరెందుకు? ఇలా అడుగుతూ అడుగుతూనే వాళ్లకు ఊరు సొంతమవుతుంది. అయితే ఆ ప్రశ్నలు రావాలంటే పిల్లలకు కడుపు నిండి ఉండాలి, కూర్చోడానికి సీటు ఉండాలి, ఒంట్లో ఓపిక మిగిలి ఉండాలి. ఆ మూడూ దొరికేలా చూడటమే ప్లాన్.

తిరుగు ప్రయాణం నుంచి వెనక్కి లెక్కవేయడం ఎలాగో సాలార్ జంగ్ మ్యూజియం ఉదాహరణతో చెబుతాను. పిల్లలకు ఆ మ్యూజియం అంటే మొదట గుర్తొచ్చేది సంగీత గడియారం. గంట పూర్తవడానికి మూడు నిమిషాల ముందు చిన్న తలుపు తెరుచుకుని గడ్డం ఉన్న బుల్లి మనిషి బయటికొస్తాడు, వేళకు సరిగ్గా గంట కొట్టి మళ్లీ లోపలికి వెళ్లిపోతాడు. పక్కనే కమ్మరి బొమ్మ సెకనుకో దెబ్బ చొప్పున సుత్తి వేస్తూనే ఉంటుంది. దాని ముందు కూర్చున్న జనంలో పెద్దా చిన్నా తేడా ఉండదు. తలుపు కదలగానే ఒక్కసారిగా గుసగుసలు ఆగిపోతాయి, తర్వాత పిల్లలంతా గొంతు కలిపి దెబ్బలు లెక్కపెడతారు. ఎక్కువ దెబ్బలు వినాలంటే మధ్యాహ్నం పన్నెండుకే అక్కడ ఉండాలి.

ఇక మా లెక్క. మా చిన్నోడికి మూడు దాటితే నిద్ర ముంచుకొస్తుంది. కాబట్టి మూడింటికల్లా తిరుగు బండిలో మా ఒళ్లో ఉండాలి. అంటే రెండున్నరకు మ్యూజియం గేటు దాటాలి. ఒంటిగంటకు భోజనం. పన్నెండుకు గడియారం, ముందు వరసలో చోటు కోసం ఇంకో పావుగంట ముందు. దానికి ముందు ఒకటి రెండు గదులు చూడాలంటే పదిన్నరకు లోపల ఉండాలి. మెట్రోలో ఎంజీబీఎస్ దాకా వచ్చి, అక్కణ్నుంచి ఆటోలో మ్యూజియం చేరడానికి పట్టే సమయం కలుపుకుంటే ఇంట్లో తొమ్మిదికి తాళం వేయాలి. ఎంజీబీఎస్ నుంచి పెద్దవాళ్లు నడిచి వెళ్లగల దూరమే, కానీ చిన్న కాళ్లను ఎండలో ముందే అలసిపోనివ్వకూడదు. ఆ ఓపిక లోపల కావాలి.

ఆ ఒకటి రెండు గదులు ఏవి అన్నదీ ఇంట్లోనే తేలాలి. 1951లో మొదలై, 1968లో ఇప్పుడున్న భవనంలోకి మారిన ఆ మ్యూజియాన్ని ఒక్క రోజులో చూడటం పెద్దవాళ్లకే కష్టం. ముసుగు వేసుకున్న రెబెకా పాలరాతి శిల్పం, పిల్లల విభాగంలో బొమ్మలు, గడియారం. ఇంతే. మిగతావి మరోసారికి. జూ పార్కుకూ ఇదే సూత్రం. 1963లో తెరిచిన నెహ్రూ జూ 380 ఎకరాలు. అన్నీ చూపించాలని తిప్పితే చివరికి పిల్లల్ని ఎత్తుకుని తిరగాల్సింది మనమే. ఒక్కొక్కరు రెండేసి జంతువుల్ని ఎంచుకోవాలని ముందు రోజు రాత్రే చెబితే, ఆ ఎంపిక మీద అన్నం తింటున్నంతసేపూ చర్చ నడుస్తుంది. దారిలో కనిపించిన మిగతావన్నీ కొసరు. ఇంకో సంగతి: మ్యూజియానికి శుక్రవారం, జూకి సోమవారం సెలవు. గేటు దాకా వెళ్లి తాళం చూసి పిల్లలు ఏడవకూడదంటే ఇవి ముందే చూసుకోవాలి.

టికెట్ల విషయంలో ఒక్కో బండిది ఒక్కో పద్ధతి. ఆర్టీసీ బస్సులో వయసు చూస్తారు: ఐదేళ్లలోపు ఉచితం, పన్నెండేళ్ల వరకు అర టికెట్. మెట్రోలో ఎత్తు చూస్తారు: మూడడుగులు దాటితే పూర్తి టికెట్టే, అర టికెట్ ఉండదు. 2023 డిసెంబరులో మహాలక్ష్మి పథకం వచ్చాక తెలంగాణలో అమ్మకీ కూతురికీ సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో జీరో టికెట్. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద ఇలాగే. జీరో టికెట్ అయినా అడిగి తీసుకోవాలి, ఆధార్ కార్డు దగ్గరుండాలి. నాన్న టికెట్‌కూ బాబు అర టికెట్‌కూ చిల్లర విడిగా చొక్కా జేబులో ఉంటే కండక్టర్ వచ్చినప్పుడు బ్యాగు వెతుక్కునే పని ఉండదు.

హైదరాబాద్ సిటీ బస్సు ఎక్కే కుటుంబం ఇంకొకటి గుర్తుంచుకోవాలి. ఆడవాళ్లు ముందు, మగవాళ్లు వెనక. ఎక్కగానే కుటుంబం రెండు ముక్కలవుతుంది. మధ్యలో జనం గోడలా నిలబడతారు. అందుకే ఎక్కే ముందే ఎక్కడ దిగాలో పిల్లలతో సహా అందరి నోటా పలికించాలి. దిగే స్టాపుకు ముందు స్టాపు పేరు కూడా తెలిసి ఉండాలి, లేచి తలుపు దాకా రావడానికి ఆ వ్యవధి కావాలి. పిల్లలిద్దరూ అమ్మ వైపా, లేక ఒకరు నాన్న వైపా అన్నది స్టాపులోనే తేల్చుకోవాలి. బస్సు వచ్చి ఆగాక తేల్చుకునే తీరిక ఎవరూ ఇవ్వరు.

పిల్లలకు ఇష్టమైనది పని. ఊరికే వెంట వచ్చే పిల్లలు త్వరగా విసిగిపోతారు, పని ఉన్న పిల్లలు విసగరు. మెట్రోలో మా పెద్దదాని పని స్టేషన్లు లెక్కపెట్టడం, అమీర్‌పేటలో ఎర్ర లైన్ నుంచి నీలం లైన్‌కి దారి వెతకడం. బస్టాపులో దాని పని బోర్డు చదవడం. బడిలో ఇంగ్లిష్ మీడియం కాబట్టి తెలుగు చదవడానికి ఇంట్లో కాస్త గుంజుకుంటుంది. బస్టాపులో మాత్రం ఆ గుంజులాట ఉండదు. దూరం నుంచి 218 కనిపించగానే మునివేళ్ల మీద నిలబడి, ముందు ‘కో’ అని, తర్వాత కళ్లు చిట్లించి ‘ఠి’ అని పలికి, “అమ్మా, మనదే!” అని అరుస్తుంది. అఫ్జల్‌గంజ్ లాంటి ఒత్తుల పేరు బస్సు ఆగేలోపే చదివేసినప్పుడు దాని ముఖం చూడాలి. పుస్తకంలో తప్పు చదివితే సరిదిద్దేది నేను. బోర్డు తప్పు చదివితే వేరే ఊరు పోతామని దానికి తెలుసు, కాబట్టి తనే రెండోసారి చూసుకుంటుంది. చిన్నోడి పని టికెట్లు దాచడం. దిగేదాకా ఆ కాగితాలు వాడి గుప్పిట్లోంచి జారవు.

బ్యాగు సంగతి త్వరగా చెప్పేస్తాను. ఒక్కటే బ్యాగు, అదీ వీపు మీద, చేతులు పిల్లల కోసం ఖాళీగా. నీళ్లు, పులిహోర, అరటిపండ్లు, ఒక జత బట్టలు, తువ్వాలు, గొడుగు. బస్సు పడని పిల్లలుంటే ఒక నిమ్మకాయ, రెండు కవర్లు, కిటికీ సీటు. పెరుగన్నం ఇంటికొచ్చి తినొచ్చు. ఇక బాత్రూం. మెట్రో స్టేషన్లలో, పెద్ద బస్టాండుల్లో ఉంటాయి, మామూలు బస్టాపుల్లో ఉండవు. అందుకని ఉన్నచోట, అవసరం ఉన్నా లేకపోయినా ఒకసారి వెళ్లి రావడం నియమం చేసుకోవాలి.

తప్పిపోతే ఏం చేయాలన్నది భయపెట్టకుండా, ఆటలా ముందే నేర్పాలి. చిన్నపిల్లలకు ఒకే సూత్రం చాలు: ఉన్నచోటి నుంచి కదలొద్దు, యూనిఫాం వేసుకున్నవాళ్లకి చెప్పు. జేబులో ఫోన్ నంబరున్న కాగితం పెట్టాలి. పెద్ద పిల్లలు, పెద్దవాళ్లు మెట్రోలో విడిపోతే రైల్లో ఉన్నవాళ్లు తర్వాతి స్టేషన్‌లో దిగి అక్కడే ఆగాలి, ప్లాట్‌ఫాం మీద మిగిలినవాళ్లు తర్వాతి రైల్లో రావాలి. ఇద్దరూ ఒకరినొకరు వెతుక్కుంటూ కదిలితేనే దొరకరు.

మళ్లీ తిరుగు ప్రయాణానికి వస్తాను, ఎందుకంటే రోజును నిలబెట్టేదీ పడగొట్టేదీ అదే. అలసిన పిల్లలతో బస్సును మధ్యలో పట్టుకోకండి, అది బయల్దేరే చోటికి వెళ్లండి. పాతబస్తీ నుంచి వచ్చేటప్పుడు దారి మధ్య స్టాపులో నిలబడే బదులు కోఠి దాకా ఆటోలో వచ్చి, అక్కడ మొదలయ్యే బస్సు ఎక్కితే సీటు దొరుకుతుంది. ఒక బస్సు వదులుకుని తర్వాతిదాని కోసం ఆగినా నష్టం లేదు. పని రోజుల్లో సెలవు పెట్టి వెళ్తే, ఆఫీసులు వదిలే వేళకు అమీర్‌పేట మెట్రో వైపు రాకుండా చూసుకోవాలి. ఎంఎంటీఎస్‌లో ఆదివారం కొన్ని రైళ్లు నడవకపోవచ్చు, తిరుగు రైలు ఉందో లేదో ఆ పొద్దునే చూసుకుని బయల్దేరాలి.

కొన్ని ప్రయాణాలకు చేరే చోటు కన్నా దారే గొప్ప. విశాఖపట్నం నుంచి అరకు వెళ్లే కిరండూల్ ప్యాసింజర్ అలాంటిది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని రేవుకు చేర్చడానికి 1960లలో తూర్పు కనుమలను తొలిచి వేసిన దారి అది. లెక్కకు 58 సొరంగాలంటారు. సొరంగం రాగానే పెట్టె అంతా చీకటి, పిల్లల కేకలు, మళ్లీ వెలుగు, లోయ, ఇంకో సొరంగం. వేళ్ల మీద లెక్కపెట్టడం మొదలుపెట్టిన పిల్లలు కాసేపటికి కాగితం, పెన్సిల్ అడుగుతారు. బొర్రా గుహలు చూడాలంటే అదే పేరున్న స్టేషన్‌లో దిగాలి. అరకులో ఏమేం చూడాలని కంగారు పడే అమ్మానాన్నలకు నా సలహా: పొద్దున రైల్లో వెళ్లడం, ఒక్క చోటు చూడటం, చీకటి పడకముందే ఆర్టీసీ బస్సో రైలో పట్టుకోవడం. పిల్లలకు ఆ రోజు సొరంగాల రోజుగానే గుర్తుండిపోతుంది, అది చాలు.

ఇంత ప్లాన్ వేసుకున్నా మన చేతుల్లో లేనివి కొన్ని ఉన్నాయి. నీడ లేని బస్టాపులో మే నెలలో ఐదేళ్ల పిల్లాడితో అరగంట నిలబడటం ఎంత ఓర్పున్న తల్లికైనా శిక్షే. ఫుట్‌పాత్ ఉన్నట్టుండి మాయమైతే పిల్లల చేతులు పట్టుకుని బళ్ల మధ్య నడవాలి. ఎత్తైన మెట్టున్న బస్సులోకి చంకన బిడ్డతో ఎక్కడం ఎంత కష్టమో ఎక్కిన తల్లికే తెలుసు. ఊరికి కొత్త ఫ్లైఓవర్ అడిగినంత గట్టిగా మనం నీడ, బెంచీ, బాత్రూం అడగడం లేదు. కార్పొరేటర్ ఓటు కోసం గడపకు వచ్చినప్పుడు ఈ మూడూ అడగాలి. చిన్నపిల్లలతో తల్లి హాయిగా తిరగగల ఊళ్లో ముసలివాళ్లూ, కర్ర పట్టుకు నడిచేవాళ్లూ, అందరూ తిరగగలరు. బస్సుల్లో పెరిగిన పిల్లలు రేపు ఆ ఊరిని నడిపే కుర్చీల్లో కూర్చుంటే బస్టాపులో నిలబడేవాళ్ల కష్టం వాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు.

ఎప్పుడూ ఇలా వెళ్లనివాళ్లు చిన్నదానితో మొదలుపెట్టండి. ఒకే బండి, మధ్యలో మారడం ఉండకూడదు, అరగంటలో చేరిపోవాలి. ఎంఎంటీఎస్‌లో సంజీవయ్య పార్క్ స్టేషన్‌లో దిగితే పార్కు పక్కనే. మెట్రోలో అసెంబ్లీ స్టేషన్‌లో దిగితే పబ్లిక్ గార్డెన్స్ దగ్గరే, అక్కడి మ్యూజియంలో ఈజిప్టు మమ్మీ పిల్లల్ని కాసేపు కదలనివ్వదు. గడ్డిలో ఆడుకుని, తెచ్చుకున్నది తిని, మధ్యాహ్నానికి ఇల్లు చేరండి. “ఇంకాసేపు ఉందాం నాన్నా” అని పిల్లలు బతిమాలుతుండగానే లేవండి. ఓపిక పూర్తిగా అయిపోయాక బయల్దేరితే వచ్చే వారం రమ్మన్నా రారు. మనసు తీరకముందే ఇంటికి తెస్తే, ఎక్కడికి వెళ్దాం, ఏ బస్సు ఎక్కుదాం అని శనివారం రాత్రి వాళ్లే ప్లాన్ మొదలుపెడతారు.