బొమ్మ పక్కన మాట

2025 అక్టోబరులో మొదలైన, డాలస్ ప్రాంత రవాణా సంస్థ డార్ట్ వారి సిల్వర్ లైన్ రైలు ప్లేనోను డీఎఫ్‌డబ్ల్యూ విమానాశ్రయంతో కలిపింది. ఇండియా నుంచి వచ్చే అమ్మానాన్నలు ఇక ఎవరి కారు కోసమూ చూడనక్కర్లేదు, రైలెక్కి వచ్చేయవచ్చన్న మాట ఈ వారం మళ్ళీ వినబడింది. సంతోషమేసింది. కానీ రైలు దాకా దారి చూపాల్సింది బోర్డులే. బోర్డుల మీద అక్షరాలు తీసేసి బొమ్మలు పెట్టమని ఈ కాలమ్ ఎన్నాళ్ళుగానో అంటున్నదే. ఇంగ్లీషు రాని మనిషికి ఎగ్జిట్ అన్న అక్షరాలు ఏం చెబుతాయి? జపాన్‌లో యుకియో ఓటా రూపొందించిన, తలుపు వైపు పరుగెత్తే ఆకుపచ్చ మనిషిని హైదరాబాదు మాల్స్‌లో చూసినవారు ఇక్కడ పెట్టినా పోల్చుకుంటారు.

అయితే బొమ్మ అన్నీ చెప్పగలదా? అమెరికా రవాణా శాఖ కోసం డిజైనర్ల సంఘం ఏఐజీఏ 1974లో 34 గుర్తులు సిద్ధం చేసింది. 1979లో మరో 16 కలిశాయి. విమానాశ్రయాల్లో ఇవాళ కనిపించే టాయిలెట్, లిఫ్టు, సామాను బొమ్మల్లో చాలావాటికి మూలం అవే. వాటి హద్దు చెప్పింది కూడా ఆ సంఘమే: బస్సు, గ్లాసు లాంటి వస్తువుతో చూపగలిగిన చోట గుర్తు బాగా పనిచేస్తుంది, టికెట్ కొనడం లాంటి పనిని చూపాల్సి వస్తే తేలిపోతుంది. దోహా మీదుగా వచ్చిన పెద్దాయన దిగేది డి టెర్మినల్లో, సిల్వర్ లైన్ ఆగేది బి టెర్మినల్ దగ్గర. రైలు బొమ్మా బాణం గుర్తూ ప్లాట్‌ఫాం దాకా చేర్చినా, ప్లేనోలో 12వ వీధి స్టేషన్లో దిగాలా, షైలో రోడ్డు దాకా వెళ్ళాలా అన్నది ఏ బొమ్మా చెప్పదు. చక్కగా నడవగలిగిన తల్లిదండ్రులకు కూడా మనవాళ్ళు వీల్‌చెయిర్ బుక్ చేసేది అందుకే. కావలసింది కుర్చీ కాదు, వెంట నడిచే మనిషి.

మరి మన ఎన్నికల గుర్తుల మాటేమిటి, చదువురాని ఓటరు 1951–52 నుంచీ బొమ్మ చూసే ఓటేస్తున్నాడుగా అనవచ్చు. నిజమే. కానీ సైకిలును చూసి తెలుగుదేశం అని ఎవరూ వాళ్ళంతట వాళ్ళు పోల్చలేరు. గోడల మీద గీసి, మైకుల్లో చెప్పి, గడపగడపకూ తిరిగి నేర్పారు. సమాచార కేంద్రానికి ఏఐజీఏ వారు ప్రశ్నార్థకం పెడితే, యూరప్‌లో ఐ అక్షరం వాడతారు. రెండూ నేర్చుకుంటే వచ్చేవే. ఇక చూపులేనివారికి ఏ బొమ్మా అందదు కనుకనే, టాయిలెట్ తలుపు పక్క బోర్డులో బొమ్మ ఉంటే దాని కింద ఉబ్బెత్తు అక్షరాలు, బ్రెయిలీ ఉండి తీరాలని ఇక్కడి వికలాంగుల చట్టం (ఏడీఏ) ప్రమాణాలు అంటాయి.

అక్షరాలు తీసేయమని ఇక అనను. ఎగ్జిట్ పక్కనే పరుగెత్తే మనిషినీ చేర్చమంటాను. తెలుగు కూడా రాయాలంటే, ఇన్ని భాషల జనం ఉన్న ఊళ్ళో బోర్డు కిక్కిరిసిపోతుందన్న అభ్యంతరం సరైనదే. ఆ పని ఉత్తర టెక్సస్ తెలుగు సంఘం టాంటెక్స్ లాంటి మన సంఘాలు చేయవచ్చు: విమానాశ్రయంలో ఉన్న గుర్తులనే ఒక కాగితం మీద అచ్చువేసి, ఒక్కోదాని పక్కన తెలుగులో అర్థం రాసి, దిగాల్సిన స్టేషన్ పేరు బోర్డు మీద ఉన్నట్టే ఇంగ్లీషులోనూ, కింద తెలుగులోనూ వేసి, విమానం ఎక్కకముందే పెద్దవాళ్ళకు అందించాలి.