సత్యం లేని జానకులు
రంగనాయకమ్మ ‘జానకి విముక్తి’ మళ్ళీ చదువుతుంటే ఈసారి నా దృష్టి జానకి మీద కంటే సత్యం మీద నిలిచింది. భర్త పెట్టే బాధ చెప్పుకోడానికి ఆమెకి తోడబుట్టినవాడున్నాడు. అలాంటివాడు లేని జానకి ఎవరికి చెప్పాలి? అమ్మకి చెబితే ‘సర్దుకుపో’ అంటుంది. మన కథలు చాలావరకు ఆమెని గడప దాటించి ఊరుకుంటాయి. ఆ రాత్రి ఎక్కడ తలదాచుకుందో చెప్పవు. (నేను రాసినవీ అంతే.)

2005 గృహహింస చట్టం 17వ సెక్షన్, ఇల్లు తన పేరున లేకపోయినా, అదే ఇంట్లో ఉండే హక్కు ఆమెకిచ్చింది. 181కి ఫోన్ చేయొచ్చు. రక్షణాధికారి ఆమె ఫిర్యాదుని నివేదికగా రాయాలి, ఉచిత న్యాయసహాయం అందేలా చూడాలి. ఆ అధికారి ఎదుట కూర్చుని, ‘ఏ తేదీన కొట్టాడు?’ అన్న గడి దగ్గర ఆగిపోయి, ఏ తేదీ చెప్పాలో తెలీక తడుముకునే స్త్రీ నేను చదివిన కథల్లో ఎక్కడా కనబడలేదు.