పేరు ఒక్కరిదేనా?

డెనిస్ స్కాట్ బ్రౌన్ 1975లో ఒక వ్యాసం రాసి అచ్చుకు ఇవ్వలేదు. తన వృత్తికే దెబ్బ తగులుతుందని ఆగిపోయారు. అది వెలుగు చూసింది 1989లో. పద్నాలుగేళ్లు! అప్పటికే ఆమె పేరున్న ఆర్కిటెక్టు, లాస్ వేగాస్ నగరం మీద వచ్చిన పుస్తకానికి సహ రచయిత్రి, యూనివర్సిటీలో పాఠాలు చెప్పినవారు. అంతటామెకే అంత జంకు. తరగతిలో నోరు విప్పని తండా పిల్లను మొద్దు అనేయడం మాత్రం మనకు ఎంత తేలికో.

ఆమె, భర్త రాబర్ట్ వెంచురి అమెరికాలోని ఫిలడెల్ఫియాలో కలిసి గీశారు, కలిసి రాశారు. మెప్పు ఆయనకే దక్కింది. ఆమె 'ఆర్కిటెక్టు గారి భార్య'. వ్యాసానికి బలం ఈ అవమానాల చిట్టాలో లేదు, వాటికి కారణం వెతికిన చోట ఉంది. మంచి డిజైన్‌ను తూచే తక్కెడ లేదు కాబట్టి ఈ వృత్తి ఒక గురువును నిలబెట్టుకుంటుంది, ఆ పీఠం మీద ఇద్దరు పట్టరు, ఆడమనిషి అసలే పట్టదు అంటారామె. 1991లో ప్రిట్జ్‌కర్ బహుమతి వెంచురి ఒక్కరికే ఇచ్చారు. ఆమె పేరూ చేర్చమని 2013లో హార్వర్డ్ విద్యార్థినులు ఇద్దరు సంతకాలు సేకరిస్తే, పాత తీర్పును తిరగదోడలేమని జవాబు వచ్చింది.

ఇంతవరకు నేను ఆమె పక్షమే. కానీ వ్యాసం పేరు చూడండి: 'పైన చోటుందా?' అని. నిచ్చెన కింద నిలబడ్డవాళ్ల దాకా ఆ చూపు పెద్దగా దిగదు. ఆమె పని దిగింది. 1968 ప్రాంతంలో సౌత్ స్ట్రీట్ వెంట ఎక్స్‌ప్రెస్ రోడ్డు వేయడానికి నల్లజాతి పేదల ఇళ్లు కూల్చబోతే, ఆ వాడవాళ్ల తరఫున ప్లాను పట్టుకుని నిలబడ్డారు. రోడ్డు రాలేదు. నా లెక్కలో ఇది ఆ వ్యాసం కన్నా పెద్ద మాట.

మన దువ్వూరు నుంచి మైదుకూరు మీదుగా పోతే కడప. అక్కడ 2020లో ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ పెట్టారు. బి.ఆర్క్. అయిదేళ్లు. కౌన్సిల్‌లో నమోదైతేనే ఆర్కిటెక్టు అనిపించుకోవాలని 1972 చట్టం. రిజర్వేషన్‌తో సీటు రావచ్చు. లోపల గురుపీఠం అలాగే ఉంటే? నల్లమల పెంటల్లో వెదురు తడికెలతో గుండ్రటి ఇల్లు కట్టి గడ్డి కప్పే చెంచు, ఆ పాఠంలో బొమ్మగా వస్తాడా, డిజైనరుగా వస్తాడా?

అదే 2020లో మొదలైన పేదల ఇళ్ల పథకంలో కొండకైనా మైదానానికైనా 340 చదరపు అడుగుల ఇల్లే. మేకలు ఎక్కడ కట్టాలి, ఎండాకాలం రాత్రి ముసలివాళ్లు ఎక్కడ పడుకోవాలి? గీసేముందు ఒక్క సుగాలి అవ్వనైనా అడిగినట్టు ఆ ఇల్లు చూస్తే అనిపించదు.