కొలత దాచిన ఫొటో

పాశమైలారం పారిశ్రామికవాడలో ఫొటో స్టూడియో నడిపే నాకు రోజంతా గేట్ పాసులకు పాస్‌పోర్ట్ సైజు ఫొటోలే. ఆదివారం మాత్రం ఒడిశా, బిహార్ కుర్రాళ్లు కొత్త చొక్కాలు తొడుక్కుని వచ్చి, వెనక చార్మినార్ పెట్టమంటారు. చార్మినార్ మీద ఎండ ఎటు నుంచి పడుతోందో చూసి, మనిషి మీదికి కూడా అటు నుంచే లైటు జరుపుతాను. ఆ పని నాకు ఇష్టం. అది స్టూడియో బొమ్మని దిగేవాడికీ తెలుసు, చూసే ఇంటివాళ్లకూ తెలుసు.

ఈ విద్యలో మాకు పెద్దదిక్కు మార్కస్ బార్ట్‌లీ. 1957లో వచ్చిన 'మాయాబజార్'లో ఆయన కెమెరా బొమ్మ ఇళ్లతో కట్టిన ద్వారకను మహానగరంలా చూపింది. లడ్డూలు ఎగిరివచ్చి ఘటోత్కచుడి నోట్లో పడ్డాయి. మాయ అని చెప్పి చేసిన మాయ అది.

చెప్పకుండా చేసిన మాయ 1934 నాటి లాక్‌నెస్ ఫొటో. స్కాట్లాండ్‌లోని లాక్‌నెస్ సరస్సులో వింతజంతువును వెతకమని డైలీ మెయిల్ పత్రిక వెదరెల్ అనే వేటగాణ్ని పంపింది. ఆయన చూపిన అడుగులు నీటిగుర్రం కాలితో అచ్చు వేసినవని మ్యూజియం వాళ్లు తేల్చేశారు. పరువు పోయిన కోపంతో ఆయన సవతి కొడుకు స్పర్లింగ్‌తో బొమ్మ జలాంతర్గామి మీద మెడ, తల చేయించాడు. దాని ఫొటోను విల్సన్ అనే డాక్టర్ పేరు మీద అదే పత్రికకు చేర్చారు. డాక్టర్ మాట కదా, లోకం నమ్మింది. చనిపోయే ముందు, 1993లో స్పర్లింగ్ నిజం చెప్పాడు.

నన్ను పట్టి కుదిపేది ఆ ఫొటోను కత్తిరించిన తీరు. పూర్తి ఫొటోలో చుట్టూ బోలెడు నీళ్లు, సన్నని అలలు, మధ్యన చిన్న ఆకారం. అంచులు కోసేసరికి అదే భూతమైంది. ద్వారకనూ చిన్నదాన్నే పెద్దదిగా చూపారు, కానీ చూసేవాడి నమ్మకాన్ని దొంగిలించలేదు. నా లెక్కలో దొంగతనం జరిగింది కత్తెర దగ్గరే.

ఆ కత్తెర ఇప్పుడు మన ఫోన్లలోనూ ఉంది. మా పక్కనే పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పరిశోధన కేంద్రం ప్రాంగణంలో 2025 ఏప్రిల్‌లో నిజంగానే చిరుత బోనులో పడింది. అలాంటి చోట పులి ఫొటో ఫోన్‌లో కనబడితే నైట్ షిఫ్ట్‌కు నడిచి వెళ్లేవాడి గుండె జారిపోదా? దయచేసి ఆ ఫొటోను ఇంకొకరికి పంపేముందు పులి పక్కన గోడో, స్తంభమో, మనకు కొలత తెలిసిన వస్తువు ఏదైనా ఉందేమో చూడండి. లేకపోతే పూర్తి ఫొటో అడగండి. అది వచ్చేదాకా ఎవరికీ పంపకండి.