ప్రహణనంలో ‘వద్దు’: కామసూత్రాల సాంప్రయోగికాధికరణంపై ఒక పరిశీలన

కామసూత్రాల రెండవ అధికరణంలోని ఏడవ అధ్యాయం ప్రహణన సీత్కృతాలను వివరిస్తుంది. సురతవేళ చేసే తాడనం ప్రహణనం. అందుకు ప్రతిగా వెలువడే ధ్వని సీత్కృతం. నేడు బీడీఎస్‌ఎం అని వ్యవహరిస్తున్న ఆచారాలకు ఇదే ప్రాచీన రూపమని చెప్పడం పరిపాటి. ఈ పోలిక సగమే సరైనది. బాధను శృంగారాంగంగా గుర్తించడంలో రెండూ కలుస్తాయి. ఆపమని చెప్పే మాట దగ్గర విడిపోతాయి.

సీత్కృతాలలో పావురం, కోకిల, చిలుక మొదలైన పక్షుల కూతలకు సాటివచ్చే ధ్వనులతోపాటు అర్థవంతమైన మాటలనూ వాత్స్యాయనుడు చేర్చాడు. తల్లిని తలచుకోవడం, వద్దనడం, విడువమనడం, చాలుననడం వాటిలోనివే. నిరాకరణం కూడా ఇక్కడ క్రీడలో భాగమే. అటువంటప్పుడు నిజమైన ‘చాలు’ను నాయకుడు గుర్తించేదెట్లా? స్త్రీ తిరిగి కొట్టవచ్చునని గ్రంథం అంగీకరించింది, నిజమే. అయితే ఆ ఎదురుదెబ్బ కూడా క్రీడలోనిదే.

ఈ లోపం ఫలితం అదే అధ్యాయంలో కనిపిస్తుంది. వక్షంపై కీల, శిరస్సుపై కర్తరి, చెక్కిళ్లపై విద్ధ, స్తనాలపైనా పార్శ్వాలపైనా సందంశిక అనే నాలుగు ప్రహారాలు దాక్షిణాత్యులవని చెప్పి, వాత్స్యాయనుడు వాటిని అనార్యమని నిరసించాడు. చోళరాజు కీలతో చిత్రసేన అనే గణికను, కుంతలదేశపు శాతకర్ణి శాతవాహనుడు కర్తరితో మహాదేవి మలయవతిని చంపారని ఉదాహరించాడు. శాతవాహనుల శృంగారమనగానే హాలుని గాథాసప్తశతిని స్మరించే మనం మలయవతిని అంతగా స్మరించం. చారిత్రకత మాట ఎలా ఉన్నా, శాస్త్రకారుడు ఆ మరణాలను హెచ్చరికగా గ్రహించాడన్నది ముఖ్యం. ప్రాణాపాయకరమైనదాన్ని ఆచారమున్న దేశంలో సైతం విడిచిపెట్టాలన్నాడు. కాని ఆ నిగ్రహభారాన్ని కొట్టేవాని వివేకంపైనే ఉంచాడు. ఆ వెంటనే, వేగాంధమైన గుర్రం దారిలోని గోతులను చూడనట్లు రాగాంధులు ఆఘాతాన్ని లెక్కచేయరని తానే ఒప్పుకున్నాడు. ఈ రెండు మాటలకూ పొసగదు.

1983లో న్యూయార్క్‌లో రూపొందిన ‘సేఫ్, సేన్ అండ్ కన్సెన్సువల్’ అనే సూత్రం భద్రతను, వివేకాన్ని, అంగీకారాన్ని ఒకే చోట చేర్చింది. ఆధునికాచారంలోని సేఫ్‌వర్డ్ అటువంటి అంగీకారానికి భాషారూపం. సాధారణంగా అది శృంగారంతో సంబంధంలేని ‘రెడ్’ వంటి మాట. ముందుగా కుదుర్చుకున్న ఒప్పందమే దానికి అర్థాన్నిస్తుంది. ఆ మాట క్రీడకు వెలుపల నిలిచినందువల్లనే లోపల ‘వద్దు’ను నటించడం సాధ్యమవుతుంది. వాత్స్యాయనుని సీత్కృత పట్టికలో అటువంటి వెలుపలి మాట ఒక్కటీ లేదు. మలయవతి ‘చాలు’ అని ఉంటే అది కూడా ఆ పట్టికలోని మాటే అయి ఉండేది.