పాట నడకను బట్టి దృశ్యం

విద్యార్థులు తీసే మ్యూజిక్ వీడియోకు షాట్ లిస్ట్, అనగా పాటలో ఏ క్షణాన ఏది కనిపించాలో షూటింగుకు ముందే రాసుకునే పట్టిక, సాధారణంగా చోట్ల పేర్లతో మొదలవుతుంది; విజయనగరం కోట, గంటస్తంభం, కళింగపట్నం లైట్‌హౌస్ అని ముందు రాసుకుని, పాటను వాటి మధ్య సర్దుతారు. సొంత ప్రాంతాన్ని చూపించాలనే ఆశ మంచిదే గాని, ఈ వరుస మారాలి. 1919లో విజయరామ గజపతిరాజు నెలకొల్పిన సంగీత కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షుడిగా, ద్వారం వెంకటస్వామినాయుడు వయొలిన్ ఆచార్యుడిగా ఉన్న విజయనగరంలో, వినడం తెలిసినవారు తరతరాలుగా ఉన్నారు; బొమ్మ తాళం తప్పితే వారు ఇట్టే పట్టేస్తారు.

నిమిషానికి 120 దెబ్బల వేగంతో సాగే పాటలో ఒక్కో దెబ్బకు అర సెకను పడుతుంది. కెమెరా సెకనుకు 24 ఫ్రేములు, అంటే 24 నిశ్చల చిత్రాలు, తీస్తుంటే దెబ్బకు 12 ఫ్రేములు, ఎనిమిది దెబ్బల ఆదితాళ ఆవర్తనానికి 96 ఫ్రేములు వస్తాయి. షాట్ మారే చోటును ఈ లెక్క సూచిస్తుంది గాని, ఒంటరిగా నిర్ణయించలేదు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే పనస మొద్దును తొలిచి చేసే వీణను క్లోజప్‌లో చూపేటప్పుడు ఈ తేడా స్పష్టమవుతుంది: మైనంలో కూర్చిన 24 మెట్లలో ఒకదాని మీద ఎడమచేతి వేలు తీగను పక్కకు లాగినప్పుడు స్వరం ఊగుతుంది, దానినే గమకం అంటారు, దెబ్బ పడిందని ఆ ఊగిసలాట మధ్యలో షాట్ మారిస్తే చెవికి అందుతున్నది కంటికి అందకుండా పోతుంది కాబట్టి, వేలు తీగను వదిలేవరకు కెమెరా అక్కడే ఉండాలి. మరో రాగం వాయిస్తుండగా తీసిన వేళ్లను ఈ పాటకు అతికించడం అంతకన్నా పెద్ద పొరపాటు.

ఛాతీకి కట్టుకున్న తప్పెటను రెండు చేతులా వాయిస్తూ గిరగిర తిరిగే తప్పెటగుళ్ల బృందాన్ని ఆరుబయట తీసేటప్పుడు మరో చిక్కు వస్తుంది. ముందే రికార్డు చేసిన పాటను స్పీకర్లో వినిపిస్తూ దానికి తగ్గట్టు ఆడించడాన్ని ప్లేబ్యాక్ అంటారు. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లే ప్రయాణిస్తుంది గనుక, స్పీకరుకు 30 మీటర్ల దూరంలో ఉన్న కళాకారుడి చెయ్యి రెండు ఫ్రేములు ఆలస్యంగా పడుతుంది. అందుచేత స్పీకరును కెమెరా పక్కన గాక, ఫ్రేముకు ఆవల బృందానికి వీలైనంత దగ్గరగా పెట్టాలని పట్టికలోనే రాసుకోవాలి.

చోటు ఎంపిక ఆ తరువాతి మాట. కళింగపట్నంలో సముద్రం తూర్పున ఉంటుంది కాబట్టి, సూర్యోదయాన అలల ముందు నిలబడిన గాయకుడు నల్లని ఆకారంగానే కనిపిస్తాడు. మాట పలికే పెదవులూ సముద్రమూ రెండూ కావాలంటే, ఎండ ఊరి వైపు నుంచి ముఖం మీద పడే సాయంత్రమే అనువైనది. మాటల్లేని ఎత్తుగడకు ఉదయాన్నీ, చరణానికి సాయంత్రాన్నీ కేటాయించుకున్న బృందం, ఒకే తీరానికి రెండు పూటలు వెళ్లేలా బండిని రోజంతటికీ మాట్లాడుకోవాలి.